పాదముల విద్య

సంగీతము నేర్చువారు కంఠమునకును, చేతులకును, చెవులకును శిక్షణ మిచ్చుట అందఱెఱిగిన విషయమే. పాదములకును అట్టి శిక్షణము కలదని పలువురు తలపరు. వీణ వాయించువారి వ్రేళ్లను, సన్నాయి ఊదువారి చెక్కిళ్లను చూచి మెచ్చుకొందురు గాని, నేలను తాకుచు లయను కాపాడుచున్న కాలిని గమనింపరు. చేతులు రెండును పనిలో మునిగియుండగా మూడవ పని చేయవలసి వచ్చినచో దానిని పాదమే చేయవలయును. పూర్వకాలపు గజ్జెలు మొదలు నేటి విద్యుత్పరికరముల వఱకు పాదములు సంగీతమునకు ఈ విధముగనే సేవ చేయుచున్నవి.

తెలుగువారి కళలలో పాదమునకు గౌరవస్థానము కలదు. హరిదాసు కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిఱుతలు పట్టి, పాడుచు, ఆడుచు కథ చెప్పును. హరికథాపితామహుడని ప్రసిద్ధికెక్కిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు అను ఐదింటితో ఐదు వేఱువేఱు తాళములను ఏకకాలమున చూపి పండితులను ఆశ్చర్యపఱచిరని చెప్పుదురు. విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాలకు వారే ప్రథమాధ్యక్షులు. అంతటి విద్వాంసులు పాదమును చేతికంటె తక్కువగ చూడలేదు.

తెలంగాణ పల్లెలలో చిఱుతల రామాయణము ఆడువారు చేతి చిఱుతలను, కాలి గజ్జెలను ఒక్క లయలో కలుపుదురు. కూచిపూడి సంప్రదాయములోని సింహనందిని అను నృత్యము మఱింత విచిత్రమైనది. నేలపై పొడి పఱచియుండగా, నర్తకి తాళానుగుణముగ అడుగులు వేయుచు, ఆ పాదములతోనే సింహము బొమ్మను గీయును. క్రిందికి చూచుచు అడుగు వేసినచో నృత్యశోభ చెడును. కావున కన్ను సభవైపు ఉండవలయును; కాలు తన దారిని తానెఱిగియుండవలయును. పాదముల విద్యకంతటికిని ఇదియే మూలసూత్రము.

నాటకరంగమున పాదమునకు మఱియొక పని లభించెను. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలో పుట్టిన హార్మోనియమునకు కాలితో త్రొక్కి గాలి నింపుచు, రెండు చేతులతో మెట్లను నొక్కెడివారు. తరువాత కలకత్తాలో ద్వారకానాథ ఘోషుగారు నేలపై పెట్టి ఒక చేత గాలి కొట్టు చిన్నపెట్టెను రూపొందించిరి. అది మోసికొనిపోవుటకు సులభమైనదే గాని, ఒక చేయి గాలికొఱకే వినియోగింపబడును. కాలి హార్మోనియమునందు పాదములు ఆ భారమును వహించుటచే చేతులు రెండును స్వరములకే మిగులును. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభి నాటకసమాజమువంటి సమాజములు హార్మోనియమును ఊరూరికి పరిచయము చేసెను. పద్యము పాడు నటునకు అది ప్రాణసఖుడైనది. ఆకాశవాణి 1940లో దానిని పరదేశపు వాద్యమని నిషేధించినను, 1971లో ఆ నిషేధము సడలినది. క్రొత్త వాద్యము మంచిదా చెడ్డదా అను విషయమును దాని జన్మస్థానమును బట్టిగాక, దానిని వాయించువారి నేర్పును బట్టి నిర్ణయింపవలయునని ఈ చరిత్ర తెలుపుచున్నది.

నేడు పాదమునకు ఇంకొక క్రొత్త పని ఏర్పడినది. దాని అవసరమును గ్రహించుటకు నారాయణఖేడు పట్టణమును తలచుకొనవచ్చును. 1956వ సంవత్సరము వఱకు ఈ తాలూకా బీదరు మండలములో ఉండెడిది. ఆ సంవత్సరమున జరిగిన రాష్ట్రముల పునర్విభజనలో మెదకు మండలమున చేరినది. 2016వ సంవత్సరమునుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. కన్నడసీమ దీనికి పొరుగు. మరాఠీసీమయు దూరము కాదు. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ భాషలు ఇచ్చటి అంగడివీధిలో ఒక్కమాఱే వినబడును. ఇట్టి చోట రాత్రివేళ సంగీతసభ జరిగినచో, తెలుగు భజనకీర్తన ముగియగానే మరాఠీ అభంగము, దానివెనుక కన్నడ వచనము పాడుమని సభవారు కోరుటలో వింతలేదు. ఒక పాటకు హార్మోనియము కావలయును. ఒకదానికి పిల్లనగ్రోవి, ఇంకొకదానికి సన్నాయి కావలయును. ఇన్ని వాద్యముల వారిని పిలిపించు స్తోమత చిన్న బృందములకు ఉండదు. అందుచే పలు ధ్వనులను అనుకరింపగల విద్యుత్ కీబోర్డు వాయించు ఒక్కనిపై ఈ భారమంతయు పడును.

కీబోర్డులో వందలకొలది ధ్వనులున్నను, ఒక ధ్వనినుండి మఱియొక ధ్వనికి మాఱుటకు చేతిని మెట్లపైనుండి తీసి, బొత్తాములను వెదకి నొక్కవలయును. అంతలో పాట ఆగదు, తాళము నిలువదు. గాయకుడు చరణమెత్తుకొనును, వాద్యకుడు ఇంకను బొత్తాముకొఱకు తడవుచుండును. ఈ చిక్కును తీర్చుటకై కాలితో త్రొక్కు పలకలు ఏర్పడినవి. వీనిని ఫుట్ కంట్రోలర్లని వ్యవహరింతురు. తెలుగున కాలిపలక అనవచ్చును.

కాలిపలక నేలపై ఉండు పొడవైన దృఢమైన పెట్టె. దానిపై వరుసగ మీటలు ఉండును. కొన్నిటియందు మీటలతోపాటు పాదమంత పొడవున ముందునకు వెనుకకు వంగు పెడళ్లును ఉండును. ఉదాహరణమునకు బెరింగర్ సంస్థవారి ఎఫ్.సి.బి. 1010 అను పలకపై సంఖ్యలు గల పది మీటలు, వరుసలను మార్చుటకు రెండు మీటలు, రెండు పెడళ్లు కలవు. పది వరుసలకు, వరుసకు పదేసి చొప్పున, నూఱు అమరికలను దానియందు ముందుగనే నిలువచేసికొనవచ్చును. ఏ మీటను త్రొక్కిన ఏమి జరుగవలయునో నిర్ణయించు అధికారము వాద్యకునిదే. ఈ పరికరములోని విశేషమంతయు అచ్చటనే ఉన్నది.

ఈ పలక తానుగ ఏ స్వరమును పలుకదు. ఒంటరిగ నేలపై పెట్టి ఎంత త్రొక్కినను మీట చప్పుడు తప్ప మఱేమియు వినబడదు. అది చేయునది తపాలా పని. మీట త్రొక్కగానే తీగద్వారా కీబోర్డునకు ఒక చిన్న ఆజ్ఞ పోవును. కీబోర్డు ఆ ఆజ్ఞను గ్రహించి తన ధ్వనిని మార్చుకొనును.

పూర్వము ఒక్కొక్క సంస్థ తన విద్యుద్వాద్యములకు వేఱువేఱు పద్ధతులను అవలంబించుటచే ఒకరి పరికరము మఱియొకరి పరికరముతో మాటలాడజాలకుండెను. అమెరికా దేశీయుడగు డేవ్ స్మిత్, జపాను దేశీయుడగు ఇకుతారో కకెహాషి మొదలగువారి కృషివలన 1983లో సర్వసమ్మతమైన ఒక సంకేతభాష ఏర్పడినది. దానికి మిడి అని పేరు. ఆ సంవత్సరము జనవరిలో, రెండు వేఱు సంస్థల కీబోర్డులను తీగతో కలిపి, ఒకదానిని వాయింపగా రెండవదియు పలుకుటను అమెరికాలో బహిరంగముగ ప్రదర్శించిరి. ఈ సేవకుగాను వారిరువురకును 2013లో గ్రామీ సాంకేతిక పురస్కారము లభించినది.

మిడి భాషలో మాటలు లేవు, సంఖ్యలే ఉన్నవి. ఒక్కొక్క సంఖ్యకు ఏడు స్థానములు. ప్రతి స్థానమునందు సున్న గాని, ఒకటి గాని ఉండును. ఏడు రెండులను ఒకదానితో నొకటి గుణించినచో 128 వచ్చును. కావున 0 మొదలు 127 వఱకు 128 సంఖ్యలను ఈ భాషలో చెప్పవచ్చును. సింహనందన తాళమునందలి అక్షరములును 128 అగుట కేవలము యాదృచ్ఛికమే యైనను, జ్ఞాపకముంచుకొనుటకు అనుకూలముగ ఉన్నది. ఏ సంఖ్యకు ఏ ధ్వని ఉండవలయునో 1991లో ఒక పట్టిక నిర్ణయింపబడినది. ఆ పట్టికలో 41వది వయొలిను, 74వది పాశ్చాత్యుల వేణువు, 105వది సితారు, 112వది షెహనాయి. ఈ పట్టికను అనుసరించు కీబోర్డు ఏ దేశమున తయారైనను, సితారు సంఖ్యను పంపగానే సితారు ధ్వనినే ఇచ్చును.

ఒకే తీగపై పదునాఱు మార్గములుగ ఆజ్ఞలను పంపవచ్చును. వీథిలోని పదునాఱు ఇండ్లకు సంఖ్యలు వ్రాసినట్లు, ప్రతి ఆజ్ఞయందును మార్గసంఖ్య ఉండును. రెండవ సంఖ్య గల వాద్యము తనకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటించి, తక్కినవానిని విడిచిపెట్టును. ఇక పెడలు పంపునది ఒక్క సంఖ్య కాదు. పాదమును వెనుకకు వంచినపుడు 0, ముందునకు పూర్తిగ వంచినపుడు 127, నడుమ నడిమి సంఖ్యలు వరుసగ పోవుచుండును. దీనివలన ధ్వనిని మెల్లమెల్లగ పెంచుటయు, తగ్గించుటయు సాధ్యమగును. గాయకుని గొంతు తగ్గినపుడు వాద్యమును తగ్గించు మర్యాద ఈ పెడలునందు ఉన్నది.

మిడి తీగపై సెకనుకు 31,250 సంకేతములు ప్రయాణము చేయును. ధ్వనిని మార్చు ఆజ్ఞకు ఇరువది సంకేతములు చాలును. ఇరువదిని 31,250చే భాగించి చూచినచో, ఆ ఆజ్ఞ చేరుటకు సెకనులో వేయవ వంతైనను పట్టదని తేలును. కొన్ని కీబోర్డులు ధ్వనిని మార్చుకొనుటకు క్షణకాలము తీసికొనుట నిజమే. అయినను పాటలో ఆలస్యము వినబడినపుడు తీగను నిందించుటకు ముందు పాదమును పరీక్షించుకొనుట మేలు.

ఈ పరికరమును నేర్చుకొను పద్ధతి ఏమి? మొదటి పాఠము పలకతో కాక కాగితముతో ఆరంభమగును. వాయింపవలసిన పాటలను వ్రాసికొని, ఏ పాటలో ఎచ్చట ధ్వని మాఱవలయునో గుర్తింపవలయును. ఒక కీర్తనలో పల్లవికి హార్మోనియము, చరణములనడుమ వేణువు, చివర అందఱు గొంతు కలుపునపుడు రెండును కలిసిన నిండుధ్వని కావలయునని అనుకొనుడు. మార్పులు మూడు, కావున మీటలు మూడు. అవి పాటలో వచ్చు క్రమముననే ఎడమనుండి కుడికి ఉండవలయును. ఏమి కావలయునో ఎఱుగనివానికి యంత్రము ఏమియు ఇయ్యజాలదు.

రెండవ పాఠము మితము. నూఱు అమరికలు ఉన్నవని నూఱింటిని నింపుట క్రొత్తవారు తఱచు చేయు పొరపాటు. అన్ని మీటలకును అన్ని పనులు ఇచ్చినచో, సభలో ఏ మీటకు ఏ పనియో తోచక పాదము తడబడును. ఆరంభమున నాలుగు మీటలు చాలును. హార్మోనియమును ఎడమ చివరి మీటకు ఇచ్చినచో, ఏ పాటలోనైనను అది అచ్చటనే ఉండవలయును. వంటింట ఉప్పుడబ్బా చోటు రోజు మార్చినచో గృహిణికి ఎంత చిక్కో, మీటల స్థానములు మార్చినచో వాద్యకునకు అంత చిక్కు.

మూడవ పాఠము శరీరస్థితి. నిలుచుండి వాయించునపుడు బరువంతయు ఒక కాలిపై మోపి, రెండవ కాలిని స్వేచ్ఛగ ఉంచవలయును. కుర్చీలో కూర్చున్నచో మడమను నేలపై ఆనించి, ముంగాలితో మాత్రమే త్రొక్కవలయును. చాపపై బాసికపట్టు వేసికొని కూర్చుండువారికి ఈ పరికరము తగదు. మన వేదికలపై పాదరక్షలు విడుచుట ఆచారము. ఆ ఆచారము ఇచ్చట ఉపకారమే చేయును. ఏలనన, చెప్పు లేని పాదమునకు మీటకును మీటకును నడుమనున్న దూరము స్పర్శచే తెలియును. పాదము వెడల్పైనవారు ఒకేమాఱు రెండు మీటలను త్రొక్కకుండ జాగ్రత్తపడవలయును.

నాలుగవ పాఠము చేతులు లేని సాధన. సంగీతము నేర్చు బాలురు సరళీస్వరములను మూడు కాలములలో సాధన చేయునట్లు, మొదట కీబోర్డును తాకక, పాటను నోట పాడుకొనుచు, విలంబమున పాదమును మాత్రము నడుపవలయును. తరువాత మధ్యమకాలము, ఆ తరువాత ద్రుతకాలము. తుదకు కన్నులు మూసికొని అదే పని చేయవలయును. ఐరోపా దేశపు దేవాలయములలో పెద్ద ఆర్గను వాయించువారు రెండు పాదములతో మంద్రస్వరములను పలికింతురు. వారును చూపును పాదములపై నిలుపక, స్పర్శచేతనే స్వరస్థానములను కనుగొనుటకు దీర్ఘకాలము సాధన చేయుదురు. మన సింహనందిని నర్తకి పాటించు సూత్రమే అచ్చటను పాటింపబడుచున్నది.

ఐదవ పాఠము సమయజ్ఞానము. మ్రోగుచున్న స్వరము నడుమ మీట త్రొక్కినచో కొన్ని కీబోర్డులలో ఆ స్వరము తటాలున తెగిపోవును. కావున గాయకుడు ఊపిరి తీసికొను సందులో, క్రొత్త ఆవర్తము మొదలగుటకు లేశమాత్రము ముందు త్రొక్కవలయును. ఆ సందు ఎచ్చట వచ్చునో యంత్రము చెప్పదు, చెవియే చెప్పవలయును. కడపటి పాఠము బృందముతో కలిసి, వీలైనచో రాత్రివేళ, సభలో ఉండునంత మసక వెలుతురులో సాధన చేయుట.

ఈ మార్గమున కొన్ని గోతులు కలవు. మిడి సంఖ్యలు సున్నతో మొదలగునని తెలిసికొంటిమి. కాని కొన్ని పరికరములు 0నుండియు, కొన్ని 1నుండియు లెక్కించును. పలకపై 105 అని అమర్చి సితారును ఆశించినవానికి, దాని ప్రక్కనున్న వేఱొక ధ్వని వినబడవచ్చును. అట్టియెడ పరికరము చెడినదని భయపడక, ఒక సంఖ్య తగ్గించి చూడవలయును. మీటలలోను రెండు జాతులు కలవు. తలుపుగంట బొత్తాము వంటిది నొక్కియున్నంతసేపే పనిచేయును; విద్యుద్దీపపు మీట వంటిది ఒకమాఱు నొక్కిన వెలిగి, మరల నొక్కిన ఆఱును. ఏది కావలయునో ముందుగ నిర్ణయింపనిచో, స్వరము నిలిచియుండవలసినచోట ఆగిపోవును, ఆగవలసినచోట మ్రోగుచుండును. అమరికలను నిలువచేయుట మఱచి విద్యుత్తును ఆపివేసినచో అంతవఱకు చేసిన శ్రమ వ్యర్థమగును. వాని ప్రతిని కాగితముపై వ్రాసియుంచుట బుద్ధిమంతుల లక్షణము. విద్యుత్తు పోయిన రాత్రికై చేతి హార్మోనియమును ప్రక్కన ఉంచుకొనుటయు అట్టిదే.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. తెలుగు ఇండ్లలో పుస్తకమునకు గాని, వీణకు గాని కాలు తగిలినచో వెంటనే చేతితో తాకి కన్నుల కద్దుకొందురు. అట్టి సంస్కారము గలవారు సంగీతపరికరమును కాలితో త్రొక్కవచ్చునా? దీనికి సమాధానము గజ్జెలలోనే ఉన్నది. గజ్జెలు పాదములకే కట్టుకొనబడును. అయినను కట్టుకొనుటకు ముందు నర్తకి వానికి నమస్కరించును. కాలు తగులుట తప్పగునది అజాగ్రత్తవలననే. శిక్షణము పొందిన పాదము ఎఱుకతో మోపిన అడుగు అపచారము కాదు, సేవ. కాలిపలకను తుడిచి, నమస్కరించి, ఆ తరువాత పాదము మోపు వాద్యకుడు ఆ సంప్రదాయమునే నిలుపుచున్నాడు.

యంత్రము వచ్చినది గదా, ఇక వేణువు ఊదువాడు ఎందులకు అని కొందఱు తలంతురు. అది సరికాదు. యంత్రము వేణునాదమును అనుకరించునే గాని, ఊదువాని ఊపిరిని తేజాలదు. ఊరిలో వేణువు ఊదువాడు ఉన్నచో వేదికపై ఆ స్థానము వానిదే. అట్టివాడు లభింపనిచోట పాట వెలితిపడకుండ చూచుటయే కాలిపలక చేయదగిన పని.

అమర్చినది అమర్చినట్లు జ్ఞప్తియందుంచుకొనుట యంత్రమునకు సహజము. సభ అట్లుండదు. భజనలో జనులు తన్మయులై పల్లవిని మూడవమాఱు, నాలుగవమాఱు ఎత్తుకొందురు. కాగితముపై వ్రాసిన క్రమము ప్రకారము అప్పటికి చరణము రావలయును. మీటయు సిద్ధముగనే ఉన్నది. అయినను నేర్పరియైన వాద్యకుడు ఆ మీటపై పాదము నిలిపి, సభ గొంతును వినుచు, త్రొక్కక వేచియుండును. ఎప్పుడు త్రొక్కవలయునో నేర్చుట సగము విద్య. ఎంతవఱకు త్రొక్కకుండవలయునో నేర్చుట తక్కిన సగము.